ఖాళీగా తిరిగిన బస్సు

రేపల్లె నుంచి మా ఊరికి కంకర రోడ్డు ఉన్నన్నాళ్ళూ పొద్దున వచ్చే బస్సే మాకు దిక్కు. వానాకాలంలో అది బురదలో దిగబడితే అందరం దిగి నెట్టేవాళ్ళం. రెండు వేల సంవత్సరం దాటాక తారు పడింది. తారు వెనకే ఆటోలు వచ్చాయి.

నేను రేపల్లెలో హైస్కూలు మాస్టర్ని. మా ఎదురింటావిడ కూతురు కూడా ఆ బస్సులోనే, పాసు మీద, ఇంటర్ చదవడానికి వెళ్ళేది. కానీ తారు పడ్డాక బస్సుకు కాస్త ముందు ఆటో వచ్చి ఆగేది.

"ఎక్కండి మాస్టారూ. ఆ బస్సు కోసం కూచుంటే పిల్లలే మీకు ఆబ్సెంటు వేస్తారు," అనేవాడు డ్రైవరు.

నవ్వుకుంటూ ఎక్కేవాణ్ణి. టికెట్టు కొనే పెద్దవాళ్ళం అందరం అలాగే ఎక్కాం. బస్సులో పాసుల పిల్లలే మిగిలారు. కొన్నాళ్ళకు కలెక్షను లేదని దాన్ని తీసేశారు.

కొత్త రోడ్డు వల్ల ఊళ్ళో ఏం మారిందో చూడటానికి ఆఫీసర్లు వస్తున్నారని తెలిసి, ముందురోజు సాయంత్రం ఎదురింటావిడ మా ఇంటికి వచ్చింది.

"అన్నయ్యగారూ, మీరు చెబితే వింటారు. బస్సు మళ్ళీ వెయ్యమనండి. ఆటోలో పిల్లను డ్రైవరు పక్కన ఇరికిస్తున్నారంట. వాళ్ళ నాన్న కాలేజీ మానెయ్యమంటున్నాడు."

"కలెక్షను లేకపోతే వాళ్ళు మాత్రం ఏం చేస్తారమ్మా?"

"ఎందుకుంటదండి, మీరంతా ఆటో ఎక్కితే?" అని, అంతలోనే గొంతు తగ్గించి, "చెప్తారుగా?" అంది.

చెప్తానన్నాను.

మర్నాడు పంచాయతీ ఆఫీసులో నాకు ముందు వరసలో కుర్చీ వేశారు. రోడ్డు పడ్డాక ఎలా ఉందని అడిగారు. ధాన్యం లారీలు కళ్ళం దాకా వస్తున్నాయన్నాను. నొప్పులొచ్చిన ఆడవాళ్ళను వేళకు ఆస్పత్రికి చేరుస్తున్నామన్నాను. రెండూ నిజమే. గుమ్మం దగ్గర ఆవిడ నిలబడి ఉంది. బస్సు మాట ఎత్తితే, అదెందుకు పోయిందని అడుగుతారు. అందరి ముందు ఆ జవాబు నేనే చెప్పాలి. ఎత్తలేదు. టీలు వచ్చాయి. మళ్ళీ చూసేసరికి గుమ్మంలో ఎవరూ లేరు.

ఆ పిల్ల ఇంటర్ రెండో ఏడాది చదవలేదు. నాట్ల రోజుల్లో ఒక పొద్దున, రోడ్డు వారగా ఉన్న పొలంలో తల్లి పక్కన వంగి నాటు వేస్తూ కనిపించింది. ఆటో చప్పుడుకు తలెత్తింది. నేను అవతలి వైపుకు తిరిగి, టైమెంతయిందని డ్రైవర్ని అడిగాను.

"బోలెడు టైముంది మాస్టారూ," అన్నాడు.