నల్లబడని కారు

మా ఇంట్లో డైనింగ్ టేబుల్ మీద అన్నం తిని నెలలు దాటింది. గుడివాడలో మా ముందుగది తలుపు తీయగానే కొత్త రబ్బరు వాసన, దాని వెనక మిషను నూనె వాసన, ఆ వెనక ఇత్తడి పట్టుకున్న చేతికి అంటుకునే చేదు వాసన వస్తాయి. టేబుల్ నిండా ఒక కారు విప్పి పరిచి ఉంది. పాతకాలపు రేసు కారు, టాపు లేనిది, బానెట్ బారుగా సాగి, వెనక ఒక్క మనిషి ఇరుక్కుని కూర్చునేంత చోటున్నది. అసలు కారులో ఎనిమిదో వంతు ఉంటుంది. పెట్టె విప్పితే అన్నీ ముక్కలే, చక్రాల ఊచలు కూడా ఒక్కొక్కటీ మనమే బిగించుకోవాలి. బ్యాంకు నుంచి వచ్చి కాళ్ళు కడుక్కుని దాని ముందు కూర్చుంటాను. ఈ వయసులో ఆడవాళ్ళు తీర్థయాత్రలు మొదలుపెడతారు, మా ఆవిడ కార్ల షెడ్డు పెట్టింది అని మా ఆయన వచ్చిన వాళ్ళందరికీ చెబుతుంటాడు. చెప్పుకోనీ. ఇలాంటి కారు చెయ్యడం నాకిది రెండోసారి అని ఆయనకి తెలుసు. మొదటిది ఏమైందో మాత్రం మా పుట్టింటివాళ్ళు చెప్పినట్టే ఆయనకి తెలుసు. వాళ్ళు చెప్పేది అబద్ధం.

వేసవి సెలవులివ్వగానే అమ్మ నన్ను వెంటబెట్టుకుని బందరు పాసింజరు ఎక్కేది. నాన్నకి ఆఫీసులో సెలవు దొరికేది కాదు. కిటికీలోంచి కోతలైపోయిన పొలాలు, పెడన దగ్గర కాలవ గట్ల మీద బారులుగా ఆరేసిన కలంకారీ గుడ్డలు, నీళ్ళలో మోకాళ్ళదాకా దిగి గుడ్డలు జాడించే మనుషులు కనిపించేవాళ్ళు, ఆ తరవాత గాలి మారేది. పెదాల మీద ఉప్పు తగలగానే అమ్మ నా జడ సరిచేసేది, ఇక దిగడమే అన్నమాట. అమ్మమ్మ వాళ్ళిల్లు చిలకలపూడి వైపు ఒక సందులో ఉండేది. ఆ ఉప్పుగాలి దేన్నీ బతకనిచ్చేది కాదు. కిటికీ ఊచలు పొట్టు పొట్టుగా రాలేవి, తలుపు గడియకి నూనె రాయకపోతే బిగుసుకుపోయేది, పొద్దున్నే అమ్మమ్మ చింతపండు పెట్టి తళతళ్ళాడేలా తోమిన ఇత్తడి బిందె ఒకటి రెండు రోజులకే మొహం మాడ్చుకునేది. అమ్మమ్మ ఆ గాలిని శాపనార్థాలు పెడుతూనే మళ్ళీ తోమేది. ఆవకాయ కలిపిన రోజు ఆ బేసిన్లోనే వేడన్నం వేసి, నూనె పోసి, చేత్తో ముద్దలు చేసి పెట్టేది. నోరు మండి నేను పెరట్లోకి పరిగెడితే తాటిముంజెలు వలిచి చేతిలో పెట్టేవాడు భాస్కరం మావయ్య.

అమ్మకి ఒక్కడే తమ్ముడు ఆయన. అప్పటికి పెళ్ళి కాలేదు. మా సందు చివర రోల్డుగోల్డు నగలు చేసే ఖార్ఖానాలో పని. రాగి మీద బంగారం పల్చగా పట్టించి, దాన్ని రేకులుగా సాగదీసి, ఆ రేకుల్లోంచి నగల ముక్కలు కత్తిరించేవాళ్ళు. కత్తిరించగా మిగిలిన చిన్న ముక్క కూడా షావుకారుదే. సాయంత్రం ఇళ్ళకి వెళ్ళేముందు పనివాళ్ళందరూ తువ్వాళ్ళు దులిపి, తొట్టిలో చేతులు కడుక్కుని మరీ బయటికి రావాలి, ఊడ్చిన మట్టినీ కడిగిన నీళ్ళనీ కూడా పారబొయ్యరు, వాటిలోంచి మళ్ళీ బంగారం తీస్తారు. ఆ ఊళ్ళో ఇదేం వింత కాదు. నాకూ వింతగా అనిపించేది కాదు. మధ్యాహ్నం మావయ్యకి అన్నం కేరేజీ పట్టుకెళ్ళడం నా పని, ఖాళీ కేరేజీ తెచ్చేటప్పుడు నన్ను ఎవరూ ఆపేవాళ్ళు కాదు. చిన్నపిల్లని, భాస్కరం మేనకోడల్ని, ఎందుకాపుతారు?

మావయ్య బట్టల బీరువా తలుపు లోపల ఒక రంగుల కాయితం అంటించి ఉండేది. ఏదో ఇంగ్లీషు పత్రికలోది. కళ్ళకి అద్దాలు, నెత్తికి తోలు టోపీ పెట్టుకున్న ఒకాయన దుమ్ము లేపుకుంటూ రేసు కారు నడుపుతున్న బొమ్మ. మావయ్య కారెక్కింది ఎవరి పెళ్ళిళ్ళకైనా వెళ్ళినప్పుడే, అదీ నలుగురి మధ్య నలిగిపోతూ. అయినా ఆ కారులో ఏ మర ఎక్కడుందో తానే బిగించినట్టు చెప్పేవాడు. నేను ఐదో తరగతి పాసై వెళ్ళిన వేసవిలో ఒక పొద్దున, "చిట్టీ, దీన్ని మనం చేద్దామే. మూరెడు పొడుగు. అయిపోయాక నువ్వు గుడివాడ పట్టుకెళ్ళిపో" అన్నాడు. ఆ మాటతో నాకా వేసవి అన్నం సయించలేదు. అష్టాచెమ్మాకి పిలిస్తే వెళ్ళలేదు, సముద్రానికి తీసుకెళ్తామన్నా వెళ్ళలేదు.

బొమ్మలో కారు ఒక పక్కే కనిపించేది. అవతలి పక్క ఏముంటుందో ఇద్దరం అరుగు మీద కూర్చుని వాదించుకునేవాళ్ళం. పొగగొట్టం రెండు వైపులా ఉంటుందని నేను, ఒకటే ఉంటుందని ఆయన. చివరికి నా మాటే నెగ్గింది. పెడనలో కలంకారీ అచ్చులు చెక్కే స్నేహితుడి దగ్గర్నుంచి ఒక టేకు దుంగ ముక్క తెచ్చి, దాన్ని కారు ఆకారానికి చెక్కి, దాని మీద ఇత్తడి రేకు పరిచి కొయ్య సుత్తితో మెల్లగా కొట్టి ఒంపులు తెచ్చాడు. సీటుకి తెగిపోయిన చెప్పు తోలు. టైర్లకి సైకిలు ట్యూబు. స్టీరింగు తిప్పితే ముందు చక్రాలు తిరగాల్సిందేనని నేను పట్టుబడితే, అది కుదరడానికి ఆ సెలవులన్నీ పట్టాయి. చక్రాల ఊచలు బిగించే పని నాది. నా వేళ్ళు సన్నం కాబట్టి. తీగ కత్తిరించి, చివర వంచి, రంధ్రంలోంచి దూర్చి, అవతల పట్టకారుతో మెలిపెట్టాలి. గోళ్ళ సందుల్లో రక్తం కారినా అమ్మకి చూపించేదాన్ని కాదు, ఆపించేస్తుందని భయం.

సగమైన కారుని కట్టిపెట్టి వెళ్ళిన గోనెసంచి మరుసటి ఏడు విప్పి చూస్తే ఏడుపొచ్చింది. బానెట్ నల్లగా కమిలిపోయింది, రేడియేటరు మీద పచ్చగా చిలుము పట్టింది, నేను బిగించిన ఊచలైతే పట్టుకుంటే విరిగిపోయాయి. మావయ్య మొహం నాకంటే చిన్నబోయింది. అన్నీ పీకేశాడు. ఈసారి నల్లబడని రేకు వేద్దామన్నాడు. ఎక్కడిదని నేనడగలేదు. ఆ మర్నాటి నుంచి ఖాళీ కేరేజీ నా చేతికిచ్చేటప్పుడు, కింద గిన్నెలో మడత పెట్టిన కాయితం ఉందనీ, ఇంటికెళ్ళి తన మంచం కింద పెట్టెలో పడెయ్యమనీ చెప్పేవాడు. పడేసేదాన్ని. కాయితంలో వేలెడంత ముక్కలు, ఒక్కోసారి అరచెయ్యంత రేకు. మావయ్య అడిగి తీసుకున్నవి కాబోలు అనుకున్నాను. మావయ్య చెప్పిన పని తప్పు పని అయ్యుంటుందని ఆ వయసులో ఎవరికి తోస్తుంది? ఆ వేసవీ, తరవాతి వేసవీ అలాగే గడిచాయి.

కారు పూర్తయిన రోజు అమ్మమ్మ దానికి పసుపుకుంకాలు పెట్టి, దిష్టి తీసింది. కుంకుడు రసంతో మెత్తగా కడిగి ముందుగదిలో బల్ల మీద పెట్టాం. సందులో వాళ్ళందరూ వచ్చి చూశారు. బానెట్ మీది తోలు పట్టీ విప్పి, లోపలి గొట్టాలు చూపించి, స్టీరింగు తిప్పి చక్రాలు మలుపు తిరగడం చూపించేదాన్ని నేనే. ఇది నాది, గుడివాడ వచ్చేస్తుంది అని అందరికీ చెప్పాను. రోజులు గడిచినా కారు మొదటిరోజులాగే మెరుస్తోంది. పక్కనే ఉన్న అమ్మమ్మ బిందె మాత్రం ఎప్పట్లాగే మసకబారింది. బందరులో అదెంత ప్రమాదమో మా ఇద్దరిలో ఒక్కరికీ తట్టలేదు.

షావుకారు గారు కూతురి పెళ్ళి శుభలేఖ ఇవ్వడానికి వచ్చారు. అమ్మమ్మ మజ్జిగ ఇచ్చింది. ఆయన చేతిలో గ్లాసుతోనే కారు దగ్గరికి వెళ్ళి, భలే చేశావయ్యా అన్నారు. ఎన్నాళ్ళయింది చేసి అని అడిగారు. మురిసిపోయి నేనే చెప్పాను, చేసి చాలా రోజులైందని, ఒక్కసారి కూడా తోమలేదని. ఆయన గ్లాసు కింద పెట్టి, బొటనవేలితో బానెట్ మీద రాసి చూశారు. "ఏమయ్యా భాస్కరం, మన ఊళ్ళో ఇత్తడి ఇట్టా ఉంటదా?" అన్నారు. కోపంగా కూడా అనలేదు.

మావయ్య గోడకి ఆనుకుని నిలబడ్డాడు. నేను ఆయన వైపే చూస్తున్నాను, ఏం చెబుతాడా అని. ఆయన నా వైపు చూడలేదు. "పిల్లదండీ," అన్నాడు. "కేరేజీ తెచ్చినప్పుడల్లా కింద పడ్డ ముక్కలు ఏరి పట్టుకొచ్చిందంట. నాకూ ఇప్పుడే తెలిసింది."

అమ్మ వంటింట్లోంచి వచ్చి, తెచ్చావా లేదా అని అడిగింది. తెచ్చాను అన్నాను, తెచ్చింది నేనే కదా. ఎవరిచ్చారో చెప్పేలోపు చెంప పగిలింది. ఆ తరవాత నేనేం చెప్పినా మావయ్య మీదికి నెట్టేస్తున్నానని ఇంకో రెండు పడ్డాయి. షావుకారు గారి కాళ్ళకి దణ్ణం పెట్టించారు. ఆయన పెద్దమనిషిలా నా తల నిమిరి, పసిది, కొట్టకండమ్మా అన్నారు, కారుని మాత్రం తువ్వాల్లో చుట్టి పట్టుకెళ్ళారు. కత్తెరతో ముక్కలు చేసి కొలిమిలో వేశారని తరవాత తెలిసింది. ఊచలతో సహా.

ఆ మర్నాడే మా ప్రయాణం. మావయ్య స్టేషనుకొచ్చి, ముంజెల పొట్లం కిటికీలోంచి అందించాడు. ఒక్క మాట చెబుతాడని చూశాను. నా చెవిలో, ఎవరికీ వినపడకుండా, తప్పయిందని కూడా అక్కర్లేదు, నాకు తెలుసులే చిట్టీ అంటే చాలనుకున్నాను. బండి కదిలింది. ఆయన చెయ్యి ఊపాడు. ఆ ముంజెలు నేను పెడన దగ్గర కిటికీలోంచి కాలవలోకి విసిరేశాను, దానికీ అమ్మ తిట్టింది. దెబ్బలు ఏనాడో మర్చిపోయాను. నాకు మండేదల్లా ఒకటే, ఆ ఇంట్లో నన్నెక్కువ ప్రేమించిన మనిషికి తనని కాపాడుకోవడానికి నేనే దొరికాను.

ఆ తరవాత ఏ చుట్టాలింటికెళ్ళి వచ్చినా అమ్మ నా సంచి ఒకసారి తడిమి చూసేది. పెద్దదాన్నయ్యాక మానేసింది గాని, నాకు బ్యాంకులో ఉద్యోగం వచ్చిందని తెలిసిన రోజు సంతోషంతో పాటు ఇంకేదో ఆమె మొహంలో కదిలింది. డబ్బు మధ్య జాగ్రత్తమ్మా అంది. నేను చెప్పబోతే, ఇప్పుడవన్నీ ఎందుకులే అని ఆపేసింది. అలా ఎందుకులే అంటూనే పోయిన ఏడాది పోయింది.

ఆమె పోయాకే ఈ కారు పెట్టె తెప్పించాను. మొన్న మావయ్య ఎనభయ్యో పుట్టినరోజుకి బందరు వెళ్ళాను. ఆ సందులో ఇప్పుడు కొలుముల పొగ లేదు, సుత్తుల చప్పుడు లేదు. షావుకారు గారి ఖార్ఖానా ఉన్నచోట అపార్టుమెంటు లేచింది. కిటికీలన్నిటికీ తుప్పు పట్టని అల్యూమినియం. అమ్మమ్మ లేదు, ఆవిడ తోమిన బిందె ఎవరు అమ్ముకున్నారో తెలీదు. ఆనాటి ముందుగదిలో ఉన్నవాళ్ళలో మిగిలింది మావయ్యా నేనూ. బంతి భోజనాల దగ్గర ఆయన మనవలకి నన్ను చూపించి, మీ చిట్టి అత్తయ్య చిన్నప్పుడు బంగారం ఎత్తుకొచ్చి కారు చేయించుకుందిరా అని చెప్పాడు. అందరూ ముద్దుగా నవ్వారు. మా ఆయన కూడా.

చేతులు కడుక్కుని వెళ్ళి ఆయన పక్కన కూర్చున్నాను. "మావయ్యా, ఆ రేకులు కేరేజీలో పెట్టిందెవరు?" అని మెల్లగా అడిగాను.

ఆయన నా మొహంలోకి చూశాడు. ఆ కళ్ళల్లో బెదురు కోసం వెతికాను, సిగ్గు కోసం వెతికాను. రెండూ లేవు. ఎంతో జాలిగా నా చెయ్యి తన రెండు చేతుల్లోకి తీసుకున్నాడు.

"ఇంకా అదే మనసులో పెట్టుకున్నావంటమ్మా? చిన్నపిల్లవి, తెలీక తీశావు. నేను ఆ రోజే మర్చిపోయా. నువ్వూ మర్చిపో."

ఇన్నేళ్ళూ ఆయన నన్ను క్షమించమంటాడని ఎదురుచూశాను. ఆయన నన్ను క్షమించేసి, వాళ్ళావిడని కేకేసి, నాకింకో లడ్డూ పెట్టమన్నాడు.