కుండీకి పట్టిన చౌడు

మా మిద్దె మీద పదకొండు చెట్లున్నాయి. వాటిలో ఏదీ నా మోకాలు దాటదు. వేళ్లు కత్తిరించడం, కొమ్మకు తీగ చుట్టి వంచడం, చిగుళ్లు గిల్లడం, అన్నీ ఫోన్లో వీడియోలు చూసి నేర్చుకున్నాను. మా అత్తకు ఈ పని మొదటి నుంచీ గిట్టదు. "ఏమ్మే, కడుపుకు పెట్టకుండా చెట్టును పొట్టిగా పెంచేది ఏం ముచ్చట?" అనేది. నాకు ఒళ్లు మండేది. ఆమెది విడపనకల్లు వైపు, చెట్టూ చేమా తక్కువుండే నల్లరేగడి ఊరు. మాది నల్లమాడ దగ్గర ఎర్రనేల. చెట్ల సంగతి ఈమెకేం తెలుసులే అని లోపల చిన్నచూపు కూడా ఉండేది, అబద్ధమెందుకు?

పదకొండింటిలో నా ప్రాణమంతా చింతచెట్టు మీదే. అది నాయన ఇచ్చింది. మా చేను గట్టు మీద మొలిచి, మేకలు ఏళ్ల తరబడి కొరకడంతో జానెడున్నర దగ్గరే ఆగిపోయింది. మొదలు మాత్రం నా మణికట్టంత లావు. చేను సోలార్ పలకల వాళ్లకు ఇచ్చేశాక, గట్టు చదును చేసే ముందురోజు నాయన దాన్ని గడ్డపారతో తవ్వి, తడి గోనెసంచిలో చుట్టి బస్సులో తెచ్చాడు.

"మేకలు నీ పని సగం చేసిపెట్టినాయి మా. ఇంగ ఆ చేన్లోది మనకు మిగిలింది ఇదొక్కటే," అన్నాడు.

అప్పటి నుంచి ఫోన్ చేసినప్పుడల్లా ముందు చెట్టు ఎలా ఉందని అడుగుతాడు, తర్వాతే నన్ను.

పోయిన వేసవిలో ఆ చెట్టు ఎండడం మొదలుపెట్టింది. ఆకుల అంచులు మాడి రాలిపోయేవి. నీడకు మార్చాను. నీళ్లు పెంచాను. పెంచినకొద్దీ ఇంకా రాలింది. నాయనకు మాత్రం "బాగుండాది నాయనా" అనే చెబుతూ వచ్చాను. ఫోన్ పెట్టేశాక అన్నం గొంతు దిగేది కాదు.

నీళ్ల దగ్గర నేను పరమ పిసినారిని. మా వైపు ఎవరైనా అంతే. బియ్యం కడిగినవి, కూరగాయలు కడిగినవి, ఏవీ కాలువలోకి పోనివ్వం. వంటింట్లో ఫిల్టర్ మిషన్ ఒక పైపులో మంచినీళ్లిచ్చి, తాగడానికి పనికిరానివి ఇంకో పైపులో వదులుతుంది. ఆ రెండో పైపు కింద బకెట్ పెట్టి, నిండినప్పుడల్లా నా చెట్లకు, అందులోనూ ఎక్కువగా చింతచెట్టుకు, పోసేదాన్ని. ఇంటికొచ్చిన వాళ్లకు ఆ సంగతి గొప్పగా చెప్పుకునేదాన్ని కూడా.

ఓ పొద్దున అత్త మోకాళ్ల నొప్పులతోనే మెట్లెక్కి వచ్చింది. చింతచెట్టు కుండీ అంచున పేరుకున్న తెల్లటి పొడిని వేలితో గీకి నాలుక మీద వేసుకుంది. నేను "అయ్యో అత్తా" అనేలోపే ఉమ్మేసింది.

"ఇది చౌడే. మా చేన్లో పైరు ఇట్లనే మాడిపోతాంటే చూసినా. ఏం నీళ్లు పోస్తాండావు దీనికి?"

చెప్పాను. చెబుతుండగానే నాకు వెలిగింది. మిషన్ మంచినీళ్ల నుంచి తీసేసిన ఉప్పంతా ఆ బకెట్లోకే వస్తుంది. చేన్లో అయితే ఎప్పటికైనా వాన కడుగుతుంది. పళ్లెమంత కుండీలో ఉప్పు ఎక్కడికి పోతుంది? నా పొదుపే నాయన చెట్టును చంపుతోంది.

"తాగే నీళ్ల బిందెలు రెండూ ఎత్తుకొని రా," అంది అత్త.

"రెండూనా?"

"రెండూ."

కుండీని ఇటుకల మీద పెట్టించి, చెంబుతో నెమ్మదిగా పోస్తూ కూర్చుంది. అడుగు రంధ్రంలోంచి కారిన నీళ్లు మిద్దె మీద పారి తూములోకి పోతుంటే నా చేతులు ఊరుకోలేదు. బకెట్ తెచ్చి కింద పెట్టబోయాను. కాలితో అవతలికి నెట్టింది.

"పోనీ మే. చౌడంతా దాంట్లోనే ఉండాది. మళ్లా పట్టి మళ్లా పోస్తావా?"

రెండు బిందెల మంచినీళ్లు అలా పోవడం చూడలేక మొహం తిప్పుకున్నాను. ఆ రోజు ఇంట్లో అందరం మిషన్ దగ్గర గ్లాసు పట్టుకుని కాచుకున్నాం.

మూడు వారాలకు ఓ కణుపు దగ్గర లేత ఎర్రటి చిగురు కనిపించింది. వెంటనే నాయనకు ఫోన్ చేసి జరిగిందంతా చెప్పేశాను. ఆయన ముందు చిగురు ఎంతుందని అడిగాడు. తర్వాత, "మీ అత్తకు నేను దండం పెట్టినానని చెప్పు మా," అన్నాడు.

కిందికి పరుగెత్తాను. మా ఇళ్లలో ఇలాంటివి పైకి చెప్పుకునే అలవాటు లేదు. అయినా ఆగలేక అత్త చేతులు పట్టుకున్నాను. నాయన దండం సంగతి చెప్పి, "నువ్వు లేకపోతే చెట్టు పోయేది అత్తా. ఇన్నాళ్లూ నిన్ను లోపల ఎన్ని మాటలు అనుకున్నానో," అంటూ ఏడ్చేశాను.

ఆమె చేతులు విడిపించుకుని చెంగుతో నా మొహం తుడిచింది.

"కావాలని నీళ్లు పారబోసింది నా పుట్టుకలో ఆ పొద్దు ఒక్కటే. నీ పొట్టిచెట్టు కోసరం అనుకుంటివా? అప్పటికి పదైదు దినాలుగా నువ్వు సరిగ్గా అన్నం తినకపోతాంటివి. అందుకు."