కర్పూరం, పెట్రోలు, నానమ్మ అరచేయి

ఇవాళ సైనిక్‌పురిలోని షెడ్డులో, నాన్న పాత కారుకు వేయించిన వేరే ఇంజిన్‌ను మొదటిసారి స్టార్ట్ చేశాం. కార్బొరేటర్ పొంగి పెట్రోలు బొటబొటా కారింది.

"కొత్త పెట్రోల్ పంపు జోరు ఎక్కువున్నది సార్. పాత కార్బొరేటర్ సూది ఆపుతలేదు," అన్నాడు మెకానిక్.

ఆ వాసనకు రెండడుగులు వెనక్కి వేశాను.

మీకూ గుర్తుండే ఉంటుంది. దసరాకు కారు చక్రాల కింద నిమ్మకాయలు, బానెట్ మీద పసుపు కుంకుమలు, ఇత్తడి పళ్లెంలో కర్పూరం. నా చిన్నప్పుడు ఒక ఏడు నేను అప్పటికే వెనక సీటులో ఎక్కి కూర్చున్నాను. నానమ్మ హారతి వెలిగించి కారు దగ్గరికి వస్తోంది. ఇంజిన్ కింద పెట్రోలు మడుగు కట్టడం నాన్న అప్పుడే చూశాడు.

"అమ్మా, ఆడ్నే ఆగు! పెట్రోల్ కారుతున్నది!"

నానమ్మ హారతిని ఊదలేదు, పళ్లెం విసరలేదు. నా వైపే చూస్తూ, మండే కర్పూరం మీద అరచేయి పెట్టి అదిమేసింది. నిప్పు ఆరినా చేయి తీయలేదు.

ఇవాళ మెకానిక్ పంపు జోరు తగ్గించి, సూది మార్చాడు. కారడం ఆగింది.

"ఇగ హారతి ఇయ్యున్రి సార్," అంటూ కర్పూరం పెట్టి ఉంచిన పళ్లెం చూపి, అగ్గిపెట్టె చాపాడు.

తీసుకుందామంటే నా పిడికిలి తెరుచుకోలేదు.