సగం పువ్వు

సొంతూరు తిరువూరులో నేను ప్లాన్ గీసిన బడికి మొన్న పునాది ముగ్గు పోస్తుంటే సున్నం వాసన ముక్కుకు తగిలింది.

చిన్నప్పుడు ఓ రోజు, "రేపు మనింటికి ముగ్గు పోస్తారు" అన్నాడు నాన్న. మాది చర్చికెళ్లే కుటుంబం, వాకిట్లో ముగ్గులెరగం. నా సంబరం అంతా ఇంతా కాదు. తీరా చూస్తే, పునాది తవ్వడానికి మేస్త్రి పోసినవన్నీ తిన్నటి గీతలే. మనసొప్పక, గుమ్మం వచ్చే చోట సున్నంతో పెద్ద సగం పువ్వు గీశాను. నాన్న కాలితో చెరపబోయాడు.

"ఉండనియ్యండి," అంది అమ్మ. "అరుగు అలాగే కట్టిద్దాం. నలుగురం కూర్చోవచ్చు."

కట్టారు. నా మొదటి డిజైన్ అదే. ఇప్పటికీ సాయంత్రమైతే వీధివీధంతా ఆ పువ్వు మీదే.

మొన్న కాంట్రాక్టరు అడిగాడు: "బడి గుమ్మం ముందు ఈ వంపులెందుకు మేడమ్?"

"పువ్వు లేకపోతే ముగ్గెలా అవుద్దండి?" అన్నాను.