నాయన ఇచ్చిన నెత్తురు

చెల్లెలికి పదేళ్లప్పుడు కీళ్లు వాచాయి. ఇవాళ మోకాలు, అది తగ్గేసరికి మోచేయి. పూతలపట్టు దగ్గర చెరుకు పండించుకునే మాకు కీలు నొప్పి అంటే పుత్తూరే. అక్కడ ఎముకలకు కట్టు కట్టే పెద్దాయన తడిమి చూసి, "ఎముకల్లో ఏమీ లేదప్పా. పాపకు జరం కూడా ఉండాది, డాక్టరుకు సూపించు" అన్నాడు. నాయన వింటేనా? "ఇంత దూరం వచ్చినాం, ఒక కట్టు కట్టి పంపు సామీ" అని బతిమాలి కట్టించుకొచ్చాడు. కొన్నాళ్లకు నొప్పులు వాటంతటవే పోయాయి. నాయన మాత్రం పుత్తూరు కట్టు గొప్పతనం ఊరంతా చెప్పుకుని తిరిగాడు.

ఎనభైల మొదట్లో, పంతొమ్మిదేళ్ల చెల్లెలు నాలుగు మెట్లెక్కి ఆయాసంతో కూలబడింది. గుండెలో కవాటం పాడైందని, చిన్నప్పటి కీళ్లవాత జ్వరమే దానికి కారణమని మద్రాసు డాక్టరు చెప్పాడు. గది దాటగానే నాయన మీద విరుచుకుపడ్డాను. "నువ్వు ఆ పొద్దు డాక్టరు దగ్గరికి పోయుంటే ఇదంతా ఉండేదా?" అన్నాను.

ఆపరేషన్‌కు ఇంటివాళ్లు కూడా రక్తం ఇవ్వాలన్నారు. నాది కలవలేదు, నాయనది కలిసింది. సూది పేరు చెబితేనే వణికే మనిషి, చొక్కా చేయి మడుచుకుని, "ఎంత కావాల్నో అంతా తీసుకోండప్పా" అన్నాడు.

చెల్లెలి గుండెను ఆపి, రక్తాన్ని యంత్రంలో తిప్పుతూ కవాటం మార్చారు. అనుకున్నదానికంటే చాలాసేపు పట్టింది. మర్నాడు మమ్మల్ని తలుపు అద్దంలోంచి చూడనిచ్చారు. మంచానికి వేలాడుతున్న మూత్రం సంచి నేరేడు పళ్ల రసంలా ముదురు ఎరుపుగా ఉంది. నాయన అక్కడే గోడకు ఆనుకుని కూర్చుండిపోయాడు.

"నా నెత్తురు దానికి పడలేదు పాపా. బయటికి తోసేస్తా ఉండాది."

నేను యంత్రం నడిపే ఆయన్ను వెతుక్కుంటూ వెళ్లి అడిగాను. యంత్రంలో రోలర్లు గొట్టాన్ని నొక్కుతూ రక్తాన్ని ముందుకు తోస్తాయట. ఆ రాపిడికి కొన్ని ఎర్రకణాలు చితికిపోతాయి. వాటిలోని ఎరుపే మూత్రంలోకి దిగుతుంది. యంత్రం ఎంత ఎక్కువసేపు నడిస్తే అంత ఎక్కువ కణాలు పగులుతాయి, ఆ భారమంతా మూత్రపిండాల మీద పడుతుంది. "ఎవరి రక్తమైనా అంతేనమ్మా" అన్నాడు.

ఎనిమిదో తరగతికి సైన్సు చెప్పేదాన్ని. ఎర్రకణాన్ని బోర్డు మీద గుండ్రంగా, నున్నగా గీసేదాన్ని. అది ఇలా నలిగిపోతుందని ఎన్నడూ అనుకోలేదు. అయినా ఆయన చెబుతుంటే నా కళ్ల ముందు మెదిలింది మా చెరుకు గానుగే. నాయనకు చెప్పి ఉంటే నిమిషంలో అర్థమయ్యేది.

చెప్పలేదు. మరిచిపోయి కాదు, కోపంతో. చేసినదానికి కుమలనీ అనుకున్నాను. మూడో రోజు మూత్రపిండాలు పనిచేయడం మానేశాయి. ఐదో రోజు చెల్లెలు పోయింది. ఆ తర్వాత చెప్పడానికి నాకు నోరు రాలేదు.

కొన్నేళ్లకు చిత్తూరు ఆసుపత్రిలో నా కూతురికి కడుపు ఆపరేషన్ చేయాల్సి వచ్చింది. రక్తం కావాలన్నారు, నాయనది సరిపోతుందన్నారు. ఆయన చేతులు వెనక్కి దాచుకుని గోడ దాకా జరిగాడు.

"నాది ఒద్దు పాపా. ఆ పొద్దు సూసినావు గదా. నా నెత్తురు పిల్లను సంపేస్తాది."

ఆ వరండాలోనే అంతా చెప్పేశాను, రోలర్లు, గొట్టం, పగిలిన కణాలు. గానుగ అనగానే తలెత్తాడు.

"అంటే నా నెత్తురుది తప్పు గాదా?"

"కాదు నాయనా."

"ఇది నీకు ఎప్పుడు తెలిసె?"

"మద్రాసులోనే."

నాయన చొక్కా చేయి మడుచుకుని లోపలికి వెళ్లాడు. నా కూతురు బతికింది. ఆయన ఇంకో ఆరేళ్లు ఉన్నాడు. నన్ను మళ్లీ పాపా అని పిలవలేదు.