అర నిమిషం ముందున్న అత్తగారు

పోయిన వారం మా ఆఫీసు క్యాంటీన్లో చిన్న గొడవ జరిగింది. ఇద్దరు కుర్రాళ్లు ఒకే బల్ల దగ్గర కూర్చుని, ఎవరి ఫోన్లో వాళ్లు ఒకే క్రికెట్ మ్యాచ్ చూస్తున్నారు. ఒకడు "ఔట్!" అని లేచి నిలబడ్డాడు. రెండోవాడి ఫోన్లో బౌలరు ఇంకా బంతిని ప్యాంటుకి రుద్దుకుంటూ నడుస్తున్నాడు. "జర నోరు మూసుకుంటె ఏమైతదిరా, మొత్తం ఖరాబ్ చేసినవ్" అని ఆ రెండోవాడు ఇడ్లీ ప్లేటు పట్టుకుని వేరే బల్లకి వెళ్లిపోయాడు. అందరితో పాటు నేనూ నవ్వాను. నాకు మాత్రం ఏడేళ్ల కిందటి చలికాలం గుర్తొచ్చి, నవ్వు ఎంతకీ ఆగలేదు. మదీనాగూడలో మా మూడో అంతస్తు ఫ్లాట్లో ఒకే గోడకి అటొకరు ఇటొకరు కూర్చుని, ఒకే మ్యాచ్‌లని రెండు నెలల పాటు విడివిడిగా చూసిన ఇద్దరు పెద్దవాళ్లు గుర్తొచ్చారు. ఒకరు మా అత్తగారు, ఇంకొకరు మా నాన్న.

అప్పటికి మా పెళ్లై మూడేళ్లు. ఆ మూడేళ్లూ వాళ్లిద్దరికీ మాటల్లేవు. మా నాన్నది కాకినాడ. నీటిపారుదల శాఖలో పనిచేసి రిటైరైన మనిషి, పక్కింటి పిల్లిని కూడా "అండీ" అని పిలిచే రకం. మా అత్తగారిది మదనపల్లె దగ్గర పల్లె. ఆవిడ గుసగుసలాడినా నాలుగిళ్లకి వినిపిస్తుంది. పెళ్లిపీటల మీద, అల్లుడి కాళ్లు కడిగే సమయానికి, మా నాన్న కండువా చాటున ఫోన్ తీసి స్కోరు చూశారు. పక్కనే నిలబడ్డ మా అత్తగారు అది చూసేశారు. వంగి ఏదో అన్నారు. నాన్న గతుక్కుమని ఫోన్ రొంటిన దోపుకున్నారు. అంతే, ఆవిడ మొహం ముడుచుకుపోయింది. "ఆ మనిషితో నాకు మాటల్లేవు" అని విడిదింట్లోనే తేల్చి చెప్పేశారు. కొడుకు కాళ్లు కడుగుతూ స్కోరు చూస్తే ఏ తల్లికి మాత్రం మండదు అని మేమంతా అనుకున్నాం. ఆ రోజు నుంచి "మీ నాయనకు చెప్పు", "మీ అత్తగారిని అడుగు" అనే మాటల మధ్య నేను పోస్టుమ్యాన్ ఉద్యోగం చేస్తూ వచ్చాను. ఎవరి పక్షం వహించినా రెండో వైపు మొహం మాడిపోతుంది. ముందు నుయ్యి, వెనక గొయ్యి.

ఆ చలికాలం అమ్మ మా అక్కకి పురుడు పోయడానికి పుణె వెళ్లింది. పాలు కూడా పొంగించకుండా కాచడం రాని నాన్నని ఒక్కరినీ వదల్లేక మా ఇంటికి పంపించింది. మా అత్తగారు ఎటూ ఏటేటా ఆ రోజుల్లో అనపకాయల మూటతో మా దగ్గరికి వచ్చేవారు. రెండు పడకగదుల ఇల్లు. నాన్నకి ఒక గది ఇచ్చాం. అత్తగారు మాత్రం "టీవీ ఎక్కడుంటే ఆడే నా మంచం" అని హాల్లో దివాన్ మీద స్థిరపడ్డారు. ఆవిడకి క్రికెట్ పిచ్చి అని నాకు పెళ్లైన కొత్తలోనే తెలిసింది. చిన్నప్పుడు వాళ్ల అన్నల రేడియోతో పట్టుకున్న పిచ్చట. నాకు ఆ ఆటలో ఎవరు ఎవర్ని ఓడిస్తున్నారో కూడా చివరిదాకా అర్థం కాదు. అందుకే నేను ఆట చూడను, చూసేవాళ్లని చూస్తాను.

మనవాళ్లు ఆస్ట్రేలియాలో టెస్టు మ్యాచ్‌లు ఆడుతున్నారు. మనకి తెల్లవారుజామునే మొదలు. కిటికీ బయట మంచులో ఎదురుగా కడుతున్న టవర్ మీది క్రేను కూడా కనిపించేది కాదు. కాళ్లకి నేల జిల్లుమనేది. ఆ చీకట్లో అత్తగారు శాలువా కప్పుకుని, ఒళ్లో స్టీలు బేసిను పెట్టుకుని కూర్చునేవారు. బేసిన్లో రాత్రంతా నానిన అనపగింజలు. ఒక్కో గింజని వేళ్ల మధ్య పట్టి పితికితే తోలు చేతిలో ఉండిపోయి పప్పు టప్పున బేసిన్లో పడేది. పితికిపప్పు కూర తినడానికి పావుగంట చాలు, పప్పు పితకడానికి మాత్రం ఒక టెస్టు మ్యాచ్ కావాలి. టీవీలో మన కుర్రాళ్లు టోపీలు పెట్టుకుని ఎండలో చెమటలు కక్కుతుంటే, "వాళ్లకు ఎండ, మనకు మంచు. ఇదేం న్యాయం బ్బా" అంటూ ఆవిడ టీవీకి ఇంకాస్త దగ్గరగా జరిగేవారు, వేడి తగులుతుందేమోనన్నట్టు. ఇల్లంతా కాఫీ వాసన, పచ్చి అనపగింజల వాసన కలిసి తిరిగేవి. ఇప్పటికీ ఆ రెండూ కలిసి ముక్కుకి తగిలితే నాకు స్కోరెంత అని అడగాలనిపిస్తుంది.

గోడకి అటువైపు మా నాన్న మంకీ క్యాపు పెట్టుకుని, మంచం మీద దుప్పట్లో కూర్చుని ట్యాబ్లెట్‌లో అదే మ్యాచ్ చూసేవారు. హాల్లోకి రమ్మంటే "చలిగాలమ్మా" అనేవారు. హాల్లో కిటికీలన్నీ మూసే ఉండేవి. మూడో రోజు పొద్దున కాఫీ ఇవ్వడానికి వెళ్తే తలుపు దగ్గరగా వేయమని సైగ చేసి, "అమ్మాయ్, మీ అత్తగారి నాలుక మీద మచ్చేమైనా ఉందేమో చూశావా? ఆవిడ 'పోయె!' అన్నారంటే చాలు, మనవాడు ఔటైపోతున్నాడు" అన్నారు. నేను నవ్వాపుకుంటూ వివరించాను. హాల్లో టీవీకి కేబుల్ వైరు. ట్యాబ్లెట్‌కి ఇంటర్నెట్. ఇంటర్నెట్లో బొమ్మ ఊరంతా తిరిగి అర నిమిషం ఆలస్యంగా వస్తుంది. మా ఆఫీసులో దానికి లేటెన్సీ అని పేరు పెట్టి గంటలకొద్దీ మీటింగులు నడుపుతాం. అంతా విని నాన్న మొహం వేలాడేశారు. "అంటే నేను చూసేదంతా అయిపోయిన ఆటా? పొద్దున్నే లేచి చద్దన్నం తింటున్నానన్నమాట" అన్నారు. ఆ మొహం చూస్తే నాకు జాలేసింది. వయసు మీద పడ్డాక మనుషులకి మిగిలే సరదాలే నాలుగైదు, వాటిలో ఒకటి అలా పాడవుతోంది.

ఆ జాలితోనే ఒక తెలివితక్కువ పని చేశాను. అత్తగారి దగ్గర కూర్చుని, "మీ కేక నాన్నకి ముందే వినిపించేస్తోంది అత్తమ్మా, ఆయనకి ఆట పాడవుతోంది" అన్నాను. ఆవిడ పితకడం ఆపకుండానే "వినిపిస్తే వినిపించనీ మ్మే. నా కొడుకింట్లో నేను అరుచుకునేదానికి ఎవురిని అడగల్ల?" అన్నారు. ఎందుకు కదిపానురా దేవుడా అనుకుంటూ ఆఫీసు క్యాబ్ ఎక్కాను.

మర్నాడు పొద్దున హాల్లో అలికిడి లేదు. ఆవిడకి ఒంట్లో బాగాలేదేమోనని వంటింట్లోంచి తొంగిచూశాను. టీవీలో అప్పుడే మనవాడి వికెట్ పడింది. ఆవిడ కళ్లు ఇంతింత చేసుకుని, కొంగు చివర గుప్పిట్లోకి తీసుకుని నోట్లో కుక్కుకున్నారు. భుజాలు ఎగిరెగిరి పడుతున్నాయి. కళ్లు మాత్రం పడకగది తలుపు మీద ఉన్నాయి. అలా అర నిమిషం ఉన్నారు. లోపల్నుంచి నాన్న "అయ్యయ్యో!" అనడం వినిపించింది. అప్పుడు కొంగు తీసి, "అయ్యో పోయె గదరా నాయనా!" అని నాలుగిళ్లకి వినిపించేలా అరిచారు. నేను అక్కడే గరిటె పట్టుకుని నిలబడిపోయాను. అప్పటిదాకా ఆవిడంటే నాకు భయమే ఎక్కువ. ఆ క్షణంలో వెళ్లి వాటేసుకోవాలనిపించింది. ఆ తర్వాత రోజూ చూశాను. ఫోర్ కొట్టినా, క్యాచ్ వదిలేసినా అదే వరస. నాన్న "ఈమధ్య మీ అత్తగారి నాలుక సర్దుకుందమ్మా" అన్నారు. చెబుదామని నోటిదాకా వచ్చింది. చెబితే ఆవిడ ఇంకెప్పుడూ అలా చేయరేమోనని ఊరుకున్నాను.

ఆఖరి టెస్టు ఆఖరి రోజు నేనూ మా ఆయనా ఇంటినుంచే పనిచేస్తున్నాం. మనవాళ్లకి గెలుపు ఆశ ఎప్పుడో పోయింది. ఆఖరి జోడీ ఎనిమిది ఓవర్లు ఔటవకుండా నిలబడితే మ్యాచ్ డ్రా అవుతుంది. సరిగ్గా అప్పుడు ఇంటర్నెట్ పోయింది. ఫోన్ చేస్తే అవతలి అబ్బాయి "రోడ్డు తవ్వుతుంటె వైరు తెగింది మేడమ్. పరేషాన్ గాకుండ్రి, ఇగ గంటల వస్తది" అన్నాడు. ఇంట్లో సెల్ సిగ్నల్ బాల్కనీలోనే దొరుకుతుంది. అక్కడ మా ఆయన శాలువా కప్పుకుని మీటింగులో ఉన్నారు. చేతిలో చచ్చిన ట్యాబ్లెట్‌తో నాన్న గది గుమ్మంలోకి వచ్చి నిలబడ్డారు. అక్కణ్ణుంచి టీవీ అంచు తప్ప ఏమీ కనిపించదు. మంచినీళ్లకి వచ్చినట్టు వంటింటి వైపు చూస్తున్నారు.

అత్తగారు తల తిప్పలేదు. "ఇంగ ఏడు ఓవర్లుండాయి మ్మే" అన్నారు నాతో. నేను అడగలేదు, అడిగే మనిషినీ కాను. నాన్న "అమ్మాయ్, కొత్త బంతి తీసుకున్నారేమో కనుక్కో" అన్నారు. "తీసుకున్యారని చెప్పు." "ఎవరు వేస్తున్నారట?" "ఆ పొడుగోడే అని చెప్పు." నేను నోరు తెరిచే లోపే జవాబులు వెళ్లిపోతున్నాయి. మూడేళ్లలో మొదటిసారి పోస్టుమ్యాన్‌కి పని తప్పింది. ఇంతలో బంతి మనవాడి ప్యాడ్‌కి తగిలింది. అవతలివాళ్లంతా చేతులెత్తి అరిచారు. అంపైరు కాదన్నాడు, వాళ్లు రివ్యూ అడిగారు. అత్తగారు కొంగు నోటిదాకా తీసుకెళ్లి, ఆపి, దాన్ని కిందికి వదిలేశారు. ఆయన వైపు తిరిగి "అన్నా, ఆడ నిలబడితే ఏం కనపడుతుంది? రాండి, ఈడ కూచోండి" అన్నారు.

నాన్న వచ్చి దివాన్ అంచున కూర్చున్నారు. ముగ్గురం టీవీ మీదికి వంగాం. బంతి వికెట్ల పక్కనుంచి పోతోందని తేలింది. ఇద్దరూ ఒకేసారి అరిచారు. గోడ అడ్డం లేకుండా, అర నిమిషం తేడా లేకుండా. అరిచిన ఊపులో అత్తగారు అనేశారు: "పెండ్లిలో గూడా ఇట్లే కూచోని చూసుండొచ్చు. ఆ పొద్దు స్కోరెంతన్నా అని అడిగితే, నా మాదిరి ఆడదానికి ఆటేం తెలుస్తుందని ఫోను దాచేసుకుంటిరి."

నాన్న ఆవిడ వైపు తెల్లమొహం వేసుకుని చూశారు. "స్కోరు అడిగారా? మండపంలో ఆ సన్నాయి హోరులో నాకేం వినబడలేదు చెల్లెమ్మా. మీరు తిడుతున్నారనుకుని భయపడి దాచేశానండీ!"

మూడేళ్ల మాటల్లేనితనం వెనక ఉన్నది ఇదన్నమాట. ముందు అత్తగారి భుజాలు కదిలాయి, తర్వాత బేసిను కదిలింది, ఆ తర్వాత ముగ్గురం కళ్లనీళ్లు వచ్చేలా నవ్వాం. మా ఆయన బాల్కనీలోంచి వేలు పెదాల మీద పెట్టి బతిమాలుతున్నారు. మిగతా ఓవర్లకి అత్తగారు ఒక శాసనం చేశారు. నాన్న కూర్చున్నాక వికెట్ పడలేదు కాబట్టి ఆయన లేవకూడదు, చేయి ఊరికే ఉండకూడదు. నాన్న తన జీవితంలో మొదటిసారి అనపగింజ పితికారు. అది ఎగిరి టీవీలో అంపైరు ముక్కు మీద తగిలింది. మ్యాచ్ డ్రా అయ్యేసరికి నాన్న బాత్రూమ్‌కి పరిగెత్తారు. ఆ మధ్యాహ్నం పితికిపప్పు కూర మూడుసార్లు వడ్డించుకున్నారు.

ఇప్పుడు మా ఇంట్లో కేబుల్ లేదు, అంతా ఇంటర్నెట్టే. ఇంకా కేబులే ఉన్న పై ఫ్లాట్ వాళ్ల కేక మాకు ముందే వినిపిస్తుంది. ఈ చలికాలం కూడా దివాన్ మీద అన్నాచెల్లెళ్లు ఇద్దరూ మధ్యలో బేసిను పెట్టుకుని కూర్చుంటున్నారు. పైనుంచి కేక వచ్చినప్పుడల్లా చెవులు మూసుకోమని ఒకరి మీద ఒకరు గోల చేస్తారు. కాలం ఎవరికోసమూ ఆగదని పెద్దలంటారు, నేనూ కాదనను. కానీ మాట్లాడని మనిషి కోసం మా అత్తగారు దాన్ని కొంగులో కుక్కి అర నిమిషం ఆపగా నేను చూశాను.