నాయన నెత్తిన ఏనుగు పొట్ట

ఎల్లుండి మా అక్కకు చేతిపనుల పరీక్ష. ఊలుతో అల్లిన ఏనుగు బొమ్మ ఇవ్వాలి, లేకపోతే ఫెయిలు. నేను పాలిటెక్నిక్‌ చదువుతున్నాను కాబట్టి లెక్క వేసి అల్లే పని నేనే తీసుకున్నాను. తలా పొట్టా కలిపి ఒకే గోళం, తొండానికి గొట్టం, చెవులకు రెండు బిళ్లలు. గోళానికి ఆరు కుట్లతో మొదలుపెట్టి వరుసకు ఆరేసి పెంచాలి, కాసేపు పెంచకుండా అల్లాలి, తర్వాత తగ్గించాలి.

"ముందు సిన్న ముక్క అల్లి కొల్సుకో రా," అంది అక్క.

"లెక్క ఉండాది కదక్కా, కొలతెందుకు?" అన్నాను.

ఊలు లావుదన్న సంగతి లెక్కలోకి తీసుకోలేదు. సగం గోళం అయ్యేసరికి అది కుండంత అయింది. అప్పుడే కొండమీద గుండు చేయించుకుని వచ్చిన నాయన దాన్ని నెత్తికి తొడుక్కున్నాడు. అతికినట్టు సరిపోయింది.

"సలికి బాగుండాదే! ఎవురల్లినారు?"

"నాయనా, అది ఏనుగు పొట్ట. తియ్యి," అంది అక్క.

"ఎంటికలు మొలిసినాక ఇస్తాలేమ్మా."

"పరీక్ష ఎల్లుండి నాయనా!"

గొణుక్కుంటూ ఇచ్చాడు. మిగతా సగం అల్లాక, కుక్కడానికి కొన్న దూది అడుక్కి కూడా చాలలేదు. అక్క నాయన దిండు విప్పింది.

ఏనుగు పాసైంది. నాయన మాత్రం కొత్త దిండు కుట్టించేదాకా గుండును ఉత్త చాపకు ఆనించి, పాలిటెక్నిక్‌ చదువులను తిడుతూ పడుకున్నాడు.